రాత్రి 2 గంటలకి వచ్చే మెలకువ

అమ్మ మంచం పక్కన చిన్న ఇత్తడి గంట ఒకటి ఉండేది. మా పూజగదిలోదే. 2021 ఆగస్టులో అమ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. అందుకని ఎడమచేతికి అందేలా ఆ గంట పెట్టాం. దాహం వేసినా, పక్క తడిసినా, ఒక్కోసారి ఊరికే భయం వేసినా దాన్ని కదిపేది. పగలు చూసుకోవడానికి మనిషిని పెట్టుకున్నాం. రాత్రిళ్ళు నేనే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయని డాక్టరు గారు చెప్పారు కాబట్టి 12కి, 2కి, 4కి అలారం పెట్టుకుని లేచేదాన్ని. 14 నెలలు అలా గడిచాయి. 2022 అక్టోబరులో అమ్మ వెళ్ళిపోయింది. ఒంటి మీద ఒక్క పుండు కూడా లేకుండా సాగనంపాను. ఆ తృప్తి నాకు ఇప్పటికీ ఉంది.

పెద్దకర్మ అయింది. చుట్టాలు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. ఫోన్లో అలారాలు తీసేశాను. మెలకువ మాత్రం పోలేదు. 2 అయ్యేసరికి ఎవరో భుజం తట్టినట్టు కళ్ళు తెరుచుకునేవి. దుఃఖం అనుకున్నాను. అందరూ అదే అన్నారు, "ఏడాది తిరిగితే సర్దుకుంటుందిలే" అని. సంవత్సరీకం కూడా అయిపోయింది. మొదట్లో 2కి లేచినా అరగంటలో మళ్ళీ కన్ను మూతపడేది. తర్వాత్తర్వాత తెల్లార్లూ దొర్లడమే మిగిలింది. చివరికి పడుకోగానే పట్టే తొలి నిద్ర కూడా దూరమైంది.

నేను తెనాలిలో హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా ఇంటికి రైలు పట్టాలు దూరం కాదు. ఆ రోజుల్లో చప్పుడుని బట్టి అది గూడ్సో ఎక్స్‌ప్రెస్సో చెప్పగలిగేదాన్ని. గూడ్సు పోతుంటే పెట్టెలు లెక్కపెట్టేదాన్ని. పక్కన మావారు హాయిగా నిద్రపోతుంటే, ఆ నిద్ర మీద నాకు అసూయ కూడా కలిగేది. ఫోన్ తీసి టైము చూడటం, ఇప్పుడు పడితే ఇంకా మూడు గంటలు, ఇప్పుడు పడితే రెండున్నర అని లెక్క వేసుకోవడం. లెక్క తగ్గే కొద్దీ గుండె దడ పెరిగేది.

పగలు ఎలా ఉండేదంటే, కళ్ళల్లో ఇసక పోసినట్టు మంట. మాట మధ్యలో మాట మర్చిపోవడం. చిన్నదానికి పెద్దగా అరిచి, తర్వాత స్టాఫ్‌రూములో కూర్చుని బాధపడటం. రోజుకి అయిదు కాఫీలు. తెలిసిన మందుల షాపులో అడిగితే నిద్రమాత్ర ఇచ్చారు, ఆల్ప్రాజోలామ్ 0.25. ఆ అట్ట వెనక ఎర్ర గీత ఉంటుంది. అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు. నేను కొన్నాను. మొదటి వారం స్వర్గంలా ఉంది. మూడో నెలకి ఒకటి సరిపోక రెండు వేసుకోవడం మొదలుపెట్టాను. 2023 అంతా అలాగే నడిచింది.

ఆ ఏడాది నవంబరులో తొమ్మిదో తరగతి మార్కులు రిజిస్టరులో ఎక్కించాను. 17వ నంబరు దగ్గర ఒక గడి జారింది. అక్కడినుంచి కింద ఉన్న పిల్లలందరికీ పక్కవాడి మార్కులు పడ్డాయి. నేను మళ్ళీ సరిచూడలేదు. సోమవారం ఒక పిల్లవాడు పేపరు పట్టుకుని వచ్చాడు. "టీచర్, నా పేపర్లో 88 ఉంది, ప్రోగ్రెస్ కార్డులో 31 పడింది" అన్నాడు. గొంతు వణుకుతోంది. శనివారం రాత్రి వాళ్ళ నాన్న కొట్టారని పక్కనున్న పిల్లాడు చెప్పాడు. లెక్కల్లో ఆ క్లాసుకే ముందుండే పిల్లవాడు. పేపరు చూపిస్తున్నా నమ్మకుండా, నువ్వే దిద్దుకున్నావని కొట్టారట.

ఆ సాయంత్రం రిజిస్టరు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పిల్లవాడి ముందే తప్పు నాదని చెప్పి ఆ తండ్రికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. కొడుకు తల మీద చెయ్యి వేసి తల దించుకున్నారు. ఇంటికి వస్తూ దారిలో అనుకున్నాను, నిద్ర లేకపోవడం ఇక నా ఒక్కదాని బాధ కాదని.

మా ఫ్యామిలీ డాక్టరు గారు గంటసేపు మాట్లాడారు. ముందు వేరే కారణాలు ఉన్నాయేమో చూద్దామన్నారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు పరీక్ష చేయించారు. రాత్రి కాళ్ళు పీకుతూ కదపాలనిపిస్తుందా అని అడిగారు, ఐరన్ తగ్గితే అలా అవుతుందట. ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయా అని అడిగారు, 49 ఏళ్ళ వయసు కదా. మావారిని విడిగా పిలిచి, "ఆవిడ గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందా" అని అడిగారు. అలా ఉంటే దారి వేరట. రాత్రంతా వైర్లు పెట్టి నిద్ర పరీక్ష చేస్తారు, ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో లెక్క తీస్తారు, గంటకి 30 దాటితే తీవ్రం. గురక పెడుతూ పగలు కునికిపాట్లు పడేవాళ్ళు నేను రాయబోయే పద్ధతి కన్నా ముందు ఆ పరీక్ష చేయించుకోవాలి. నాకు అవేవీ లేవు. వారానికి మూడు రాత్రులు, మూడు నెలలకి మించి నిద్ర లేకపోతే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారని, నాది అదేనని చెప్పారు.

మాత్ర మార్చి రాస్తారనుకున్నాను. ఆయన రాయలేదు. నిద్రలేమికి మందు కన్నా ముందు ఇవ్వాల్సిన చికిత్స ఒకటుందని, నిద్ర అలవాట్లనీ ఆలోచనల్నీ మార్చే ఆ పద్ధతిని సీబీటీ-ఐ అంటారని, అమెరికాలో ఫిజీషియన్ల కాలేజీ అనే వైద్యుల సంఘం 2016లోనే అలా సిఫారసు చేసిందని చెప్పి, గుంటూరులో ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. మాత్ర మాత్రం ఒక్కసారిగా ఆపొద్దని గట్టిగా చెప్పారు. నెలల తరబడి వేసుకున్నది ఉన్నపళంగా మానేస్తే నిద్ర మరీ చెడుతుంది, ఆందోళన పెరుగుతుంది, కొందరికి ఫిట్సు కూడా రావచ్చట.

2024 సంక్రాంతి వెళ్ళాక మొదటిసారి గుంటూరు బస్సెక్కాను. ఆ సైకాలజిస్టు మా అమ్మాయి ఈడు పిల్ల. "టీచర్ గారూ, మంచి నిద్ర కోసం ఏమేం చేస్తున్నారో చెప్పండి" అంది. పసుపు వేసిన పాలు, గసగసాలు, అరికాళ్ళకి కొబ్బరినూనె, ఫోన్లో వీణ కచేరీ, 9 దాటకుండా పక్క ఎక్కడం, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని బాకీ తీర్చుకోవడం, అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది.

"మీది కృష్ణా కాలవల ఊరే కదండీ. గట్టు బాగా ఉంచుకోవడం మంచి అలవాటే. కానీ గండి పడ్డాక గట్టు మీద గడ్డి పీకుతూ కూర్చుంటే నీళ్ళు ఆగవు. ముందు గండి పూడ్చాలి. పాలు తాగండి, తప్పు లేదు. అయితే మీకు కావలసిన వైద్యం అది కాదు."

గండి ఎక్కడ పడిందో కూడా చెప్పింది. కొందరిది పుట్టుకతోనే పలచటి నిద్ర. అమ్మదీ అంతే, నాదీ అంతే. దాని మీద ఒక దెబ్బ తగిలింది, అమ్మ జబ్బు. ఈ రెండూ ఇప్పుడు మన చేతిలో లేవు. దెబ్బ తగిలాక నిద్ర కోసం మనం పడే పాట్లు ఉంటాయి చూడండి, ముందే పడుకోవడం, ఆలస్యంగా లేవడం, పగలు కునుకు తీయడం, పక్కలో పడుకుని టైము చూడటం, నిద్రలేమిని బతికిస్తున్నవి అవేనట. ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1980ల్లో చెప్పిన లెక్క ఇది. నా గుండెల్లో రాయి పడినట్టయింది. ఏడాది పాటు నేను మందనుకుని చేసినవన్నీ జబ్బుకి మేతే అయ్యాయన్నమాట.

మొదటి వారం ఏమీ మార్చొద్దంది. డైరీ రాయమంది, అంతే. గడియారం చూడకుండా, పొద్దున లేచాక అంచనాగా. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. జనవరి 24, బుధవారం వరస ఇలా ఉంది: పక్క ఎక్కింది 9:10. నిద్ర పట్టడానికి 70 నిమిషాలు. మధ్యలో మెలకువలు 3, మొత్తం 140 నిమిషాలు. చివరి మెలకువ 5:10. పక్క దిగింది 5:40. కాఫీలు 5, ఆఖరిది సాయంత్రం 5:30కి. మాత్రలు 2. అంటే ఆ రాత్రి ఎనిమిదిన్నర గంటలు పక్క మీద ఉండి నాలుగున్నర గంటలు నిద్రపోయాను.

ఏడు రోజులు కూడితే పక్క మీద గడిపింది సగటున 510 నిమిషాలు, నిద్రపోయింది 306. భాగిస్తే 60 శాతం. పిల్లల పరీక్షలో 60 అంటే ఫస్ట్ క్లాసు. నిద్ర లెక్కలో 85 దాటితే బాగున్నట్టట. రోజూ మూడు గంటల పైగా నేను పక్క మీద మేలుకుని ఉంటున్నాను. ఆ మూడు గంటల్లో నా ఒళ్ళు ఒక పాఠం నేర్చుకుంది: పక్క అంటే మేలుకుని భయపడే చోటు అని. హాల్లో టీవీ ముందు కునికేదాన్ని పక్క ఎక్కగానే కళ్ళు విచ్చుకోవడానికి కారణం అదే.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. "మీరు నిద్రపోయేది అయిదు గంటల పైచిలుకు. అందుకని పక్క మీద ఉండాల్సింది అయిదున్నర గంటలే. రాత్రి 12కి ముందు పక్క ఎక్కకూడదు. పొద్దున్న 5:30కి లేవాలి. నిద్ర పట్టినా పట్టకపోయినా, ఆదివారమైనా పండగైనా 5:30."

నిద్ర లేదని వస్తే ఉన్న నిద్రకే కోత పెడుతోందని కోపం వచ్చింది. ఆ మాటే అన్నాను. "ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు కదండీ. పొద్దస్తమానం చిరుతిళ్ళు తింటే కంచం ముందు ఆకలి ఎక్కడినుంచి వస్తుంది? మీరు నిద్రని చిరుతిండిలా తింటున్నారు. కొన్నాళ్ళు ఆకలి పెరగనివ్వండి" అంది. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, అదే నిద్ర ఆకలి. కాఫీ చేసేది దాన్ని తగ్గించడం కాదు, అది కూర్చోవాల్సిన చోట తను కూర్చుని మనకి తెలియకుండా చేయడం. తాగిన కాఫీలో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు అయిదు గంటలు పడుతుందని చెప్పగానే నా లెక్కల బుర్ర అందుకుంది. 5:30కి తాగినదాంట్లో సగం రాత్రి 10:30కి ఇంకా ఉంది. ఆ రోజునుంచి మధ్యాహ్నం 12 దాటాక కాఫీ తాగలేదు.

మిగతా నియమాలు కూడా చెప్తాను. పక్క మీద నిద్ర తప్ప ఇంకో పని లేదు, పేపర్లు దిద్దడం, ఫోను, ఏవీ వద్దు. ఫోను హాల్లో చార్జింగు. గడియారం గదిలోంచి తీసేయాలి. పడుకున్నాక ఓ 20 నిమిషాలు గడిచాయనిపిస్తే, చూసి కాదు, అనిపిస్తే, లేచి వేరే గదికి వెళ్ళిపోవాలి. చిన్న దీపం కింద కూర్చోవాలి. నిద్ర ముంచుకొచ్చినప్పుడే వెనక్కి రావాలి. పగలు కునుకు లేదు. నాకు బాగా పనికొచ్చిన మాట ఇంకోటి: అలసట వేరు, నిద్ర రావడం వేరు. ఒళ్ళు పులిసిపోయి పడుకోవాలనిపించడం అలసట. రెప్పలు వాటంతట అవి వాలడం, తల ముందుకి తూలడం, చదివిన వాక్యమే మళ్ళీ చదవడం, అది నిద్ర. ఇన్నాళ్ళూ నేను అలసటతో పక్క ఎక్కుతూ వచ్చాను.

ఆ కోత వారాల్లో బండి నడపొద్దని ముందే చెప్పింది. స్కూటీ తాళం మావారికి ఇచ్చేశాను, ఆయనే దింపేవారు. ఫిట్సు ఉన్నవాళ్ళు, ఉత్సాహం, దిగులు విపరీతంగా మారే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్ళు, రాత్రి బస్సులూ లారీలూ నడిపేవాళ్ళు ఈ పద్ధతి సొంతంగా మొదలుపెట్టకూడదు. ఇది చదివి ఎవరైనా రేపటినుంచి చేద్దామనుకుంటే దయచేసి ముందు డాక్టరుకి చూపించుకోండి.

మొదటి వారం నరకం. 9:30 నుంచి 12 దాకా గడపడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. అప్పుడే కొత్త చింతపండు వచ్చింది. అత్తయ్య, నేను హాల్లో చాప వేసుకుని పీట ముందు కూర్చుని గింజలు తీసేవాళ్ళం. ఆవిడకి 78. 10కి ఆవిడ లేచి వెళ్ళిపోయాక నేనొక్కదాన్నే. గోటి కింద చింతపండు గుజ్జు, పీచు ఒక పక్క, గింజలు ఒక పక్క. 11 దాటాక తల తూలి చింతపండు గిన్నె మీదకి వంగిపోయేది. లేచి మొహం కడుక్కుని వరండాలో నాలుగు అడుగులు వేసి మళ్ళీ కూర్చునేదాన్ని. రోజుల తరబడి "నిద్ర రా, రా" అని బతిమాలిన నేను, "ఇప్పుడే కాదు, ఆగు" అని దాన్ని నెట్టేస్తున్నాను. నాలుగో రాత్రి 12కి పక్క మీద తల ఆనించడమే గుర్తుంది. తర్వాత కళ్ళు తెరిస్తే చీకటి. గడియారం లేదు కాబట్టి టైము తెలియదు. లేచి కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి మళ్ళీ తూలింది, వెళ్ళి పడుకున్నాను.

పొద్దున 5:30కి లేవడం ఇంకో పరీక్ష. జనవరి చివర, బయట మంచు, చీకటి. స్నానం చేసి 6:45కి డాబా ఎక్కేదాన్ని. ఎండ మొహానికి తగలాలని చెప్పింది. కంటిలో పడే పొద్దుటి వెలుగే ఒంట్లో గడియారాన్ని సరిచేస్తుందట. దాదాపు ప్రతి కణంలోనూ అలాంటి గడియారం ఉందనీ, అది ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చిందనీ ఆ వారమే క్లాసులో పిల్లలకి చెప్పాను.

ఆ వారం సగటు నిద్ర 280 నిమిషాలు. 330తో భాగిస్తే 84.8. మాత్రలు అవే రెండు, కాఫీలు రెండే. నిద్ర అరగంట తగ్గింది కానీ ముక్కలు ముక్కలుగా లేదు. రెండో వారం 300 వచ్చింది, 90.9. ఆ రాత్రి 15 నిమిషాలు బహుమానంగా దొరికాయి, పక్క టైము 11:45. అలా వారం వారం లెక్క బాగుంటే పావుగంట ముందుకి జరగాలి. ఆ పావుగంట కోసం నేను పడ్డ ఆరాటం ఎవరితోనూ చెప్పుకోలేదు. డైరీలో మాత్రం ఎర్ర పెన్నుతో రాసి ఉంది.

2 గంటల మెలకువ ఇంకా పోలేదు. తగ్గింది, పోలేదు. నాలుగోసారి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది.

"మెలకువ రాగానే, ఆలోచనలేవీ రాకముందు, ఆ మొదటి క్షణంలో మీరు ఏం చేస్తారు?"

చాలాసేపు ఆలోచించాను. "వింటాను" అన్నాను.

"ఏం వింటారు?"

చెప్పబోతే గొంతు పూడుకుపోయింది. గంట. అమ్మ గంట మోగిందేమో అని వింటాను. మోగలేదని తెలిశాక లేచి కూర్చుంటాను. ఏడాదిన్నర అయినా నా చెవులు డ్యూటీ దిగలేదు.

"గంట ఎక్కడుంది ఇప్పుడు?" అని అడిగింది. మా పడకగది కిటికీ గట్టు మీదే ఉంది. అమ్మ మంచం తీసేసిన రోజు దాన్ని అక్కడ పెట్టాను, మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ అమ్మాయి తీసెయ్యమని చెప్పలేదు. నిద్ర ఒకే ముద్దగా ఉండదని, దాదాపు 90 నిమిషాలకి ఒక చుట్టు పూర్తయి ఇంకో చుట్టు మొదలవుతుందని, ఆ మలుపుల్లో అందరికీ చిన్న మెలకువ వస్తుందని, పొద్దునకి గుర్తుండదని మాత్రం చెప్పింది. గాఢనిద్ర ఎక్కువగా తొలి చుట్లలోనే అయిపోతుంది. అందుకే 2, 3 గంటల వేళ కలత ఎక్కువ. "మెలకువ రావడం జబ్బు కాదు టీచర్ గారూ. వచ్చాక కాపలా కాయడం మీరు నేర్చుకున్న పని. పద్నాలుగు నెలలు ఎంత బాగా చేశారో ఆ పని! ఇక చాలు అని దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా."

ఆ శనివారం సాయంత్రం గంటని కిటికీ గట్టు మీంచి తీశాను. పసుపు, దుమ్ము పట్టి నల్లబడిపోయింది. పిడిలో అమ్మ వేళ్ళు పడే చోట మాత్రం నున్నగా ఉంది. గింజలు తీసిన చింతపండే కాస్త నానబెట్టి, దాంతో తోమాను. మావారు నీళ్ళు పోశారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తుడిచి పూజగదిలో దాని చోట పెట్టాను. మర్నాడు పొద్దున హారతి ఇస్తూ అత్తయ్య దాన్నే మోగించారు. నేను వంటింట్లో ఉన్నాను. పొయ్యి కట్టేసి అక్కడే నిలబడి చివరిదాకా విన్నాను.

తర్వాత అంతా నున్నటి దారి అని చెప్పను. ఫిబ్రవరి ఆఖరులో పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు నెత్తిన పడ్డాయి, మూడు రాత్రులు వరసగా చెడ్డాయి, లెక్క 78కి జారింది. మాత్ర తగ్గిస్తున్న రోజులు కూడా అవే. ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. "మూడు రాత్రులు చూడకండి, ఏడు రాత్రులు చూడండి. పావుగంట పెంచొద్దు, తగ్గించొద్దు, అలాగే ఉండండి" అంది. ఇంకో పని కూడా చెప్పింది. సాయంత్రం 6కి పావుగంట కూర్చుని రేపటి దిగుళ్ళన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదానికి ఎదురుగా చేయగలిగింది రాయడం. రాత్రికి ఏదైనా దిగులు తలెత్తితే, నీ టైము రేపు సాయంత్రం 6కి అని చెప్పడం. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. నాకు పనిచేసింది. "రేపు నిద్రమత్తులో మళ్ళీ మార్కులు తప్పు వేస్తే?" అన్నది రోజూ రాసేదాన్ని. ఎదురుగా "ఇంకో టీచర్‌తో సరిచూపించాలి" అని రాశాను. ఆ మర్నాటినుంచి చూపిస్తున్నాను, ఇప్పటికీ.

మార్చి 8న శివరాత్రి వచ్చింది. మా ఇంట్లో జాగారం తప్పదు. పెళ్ళయినప్పటినుంచి ఒక్క ఏడూ మానలేదు. ఆ ఏడు నాకు భయం వేసింది. ఒక్క రాత్రి మేలుకుంటే కట్టుకున్నదంతా కూలిపోతుందేమోనని, పడుకుంటే అత్తయ్య బాధపడతారేమోనని. పొద్దున కాళ్ళకి పసుపు రాస్తూ మెల్లగా అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూశారు.

"నువ్వు పద్నాలుగు నెలలు మీ అమ్మ దగ్గర జాగారం చేశావు అమ్మాయ్. శివుడు లెక్క రాసుకోడా? ఉపవాసం ఉండు, నీ టైముకి నువ్వు పడుకో."

11:15కి పడుకున్నాను. హాల్లో అత్తయ్య చదువుతున్న శివనామాలు వింటూనే నిద్రపోయాను.

మాత్రల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఫిబ్రవరి సగంనుంచి డాక్టరు గారు రెండు మూడు వారాలకోసారి సగం మాత్ర చొప్పున తగ్గించారు. రెండు, ఒకటిన్నర, ఒకటి, సగం. ప్రతి మెట్టు దగ్గరా రెండు మూడు రోజులు చికాకు, చేతుల్లో కొద్దిగా వణుకు. సగం నుంచి సున్నాకి రావడమే అన్నిటికన్నా కష్టమైంది. ఏప్రిల్ మధ్యకి ఆగిపోయాయి. నా వయసుకి, నేను వేసుకున్న మోతాదుకి ఆయన వేసిన లెక్క ఇది. ఇంకొకరికి ఇదే సరిపోదు.

మార్చి ఆఖరికి నా టైము 10:30 నుంచి 5:30. పక్క మీద 420 నిమిషాలు, నిద్ర 380 చిల్లర. ఆరుసార్లు కలిశాను ఆ అమ్మాయిని, చివరి రెండుసార్లు వీడియో కాల్లోనే. అంతకు మించి ఏమీ లేదు. ఇప్పటికీ నెలకి రెండు మూడు రాత్రులు మెలకువ వస్తుంది. వస్తే లేచి కుర్చీలో కూర్చుంటాను. రైలు పోతుంటే పెట్టెలు లెక్కపెట్టను. ఊరికే పోనిస్తాను.

ఆ మే నెలలో ఒక పొద్దున 5:30కి లేచి పెరటి తలుపు తీస్తే నేలంతా తడి. జామచెట్టు కొమ్మ ఒకటి విరిగి గోడ మీద పడి ఉంది. రాత్రి ఆరేసిన బట్టలు తీగ మీద నీళ్ళు కారుతున్నాయి, రెండు కింద బురదలో పడి ఉన్నాయి. మావారు వెనకే వచ్చారు.

"రాత్రి ఎంత ఉరిమిందో! కరెంటు కూడా పోయింది గంటసేపు. నిన్ను లేపుదామనుకుని మళ్ళీ వద్దనుకున్నాను" అన్నారు.

"ఎన్నింటికండీ?"

"రెండు, రెండున్నర అయ్యుంటుంది."

బురదలో పడ్డ చీర తీసి బకెట్లో వేశాను. మిగతావి ఒక్కొక్కటే పిండి మళ్ళీ తీగ మీద వేశాను.